పడమటి మండలాల పిల్లలకు కాలేజీ దారి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పరిసరాల్లో చదువుకునే విద్యార్థికి చివరికి ఏ కాలేజీలో సీటు దొరుకుతుందనేది ప్రవేశ పరీక్ష రాసిన రోజున ఒక్కసారిగా తేలే విషయం కాదు. ఎనిమిదో తరగతి తర్వాత ఏ ఊరి బడిలో ఉండాలి, పదో తరగతి తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలి, ఇంటర్మీడియట్ ఏ రాష్ట్రంలో చదవాలి అని ఇంట్లో ఎప్పుడో జరిగిపోయిన నిర్ణయాలలోనే అది సగానికి సగం తేలిపోయి ఉంటుంది. మార్కులు బాగా వచ్చినా సీటు చేజారిన సందర్భాలను పరిశీలిస్తే, వాటి వెనుక తెలివితేటల లోపం కంటే వేళకు తెలియని ఒక నిబంధనో, వేళకు తీసుకోని ఒక ధ్రువపత్రమో, తప్పు వరుసలో పెట్టుకున్న ఐచ్ఛికాల జాబితానో కనిపించడం సాధారణం. ఇవన్నీ ముందుగా తెలుసుకుంటే సరిదిద్దుకోగలిగినవే గనుక, వీటి వల్ల జరిగే నష్టం మరింత బాధాకరమైనది.

ఉన్నత విద్య ఈ ప్రాంతానికి కొత్త కాదు. కాలేజీ చదువంటే మద్రాసు వంటి పట్టణాలకు తరలిపోవలసిన కాలంలోనే అనీబిసెంట్ 1915లో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆతిథ్యంలో 1919లో కొన్నాళ్లు గడిపిన రవీంద్రనాథ ఠాగూరు జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించింది ఆ కళాశాలలోనే. కరవు నేలలో ఒక కళాశాల నిలబడితే రాయలసీమ పల్లెల నుంచి ఎందరు పిల్లలు చదువుకు దగ్గర కాగలరో ఆ సంస్థ చాలాకాలం క్రితమే చూపింది. నేడు కళాశాలల కొరత అంతగా లేదు. మదనపల్లె శివారున అంగళ్లులో 1998లో మొదలైన ఇంజనీరింగ్ కళాశాల ఉంది. దగ్గరలోని కలికిరిలో అనంతపురం జేఎన్‌టీయూ నడిపే ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. పుంగనూరులో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయంతో పాటు ఒక ఇంజనీరింగ్ కళాశాల, ఒక ప్రైవేటు వైద్య కళాశాల ఉన్నాయి. తిరుపతి వైపు వెళితే 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. నూరేళ్ల కిందట దూరమే అడ్డంకి అయితే, ఇప్పుడు వాకిట్లోనే ఉన్న కళాశాలలోకి ఏ ద్వారం గుండా ప్రవేశించాలో తెలియకపోవడం అడ్డంకి అవుతోంది. కుప్పం వైద్య కళాశాల ప్రహరీ పక్కనే పుట్టి పెరిగిన అమ్మాయి కూడా నీట్ రాసి, విజయవాడ కేంద్రంగా ఉన్న ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం జరిపే కౌన్సెలింగులో పాల్గొన్న తర్వాతే అందులో కన్వీనర్ కోటా సీటు పొందగలదు.

మొదటి మలుపు పదో తరగతి. ఫలితాలు వచ్చీరాక ముందే ప్రైవేటు జూనియర్ కళాశాలల పీఆర్వోలు ఇళ్లకు రావడం, ఫీజులో రాయితీ చెప్పి అడ్వాన్సు కట్టించుకోవడం ఇక్కడ ఏటా జరిగే తంతు. ఆ తొందరలో కుటుంబం ఇంటర్మీడియట్ ఒక్కటే దారి అనుకుంటుంది. నిజానికి ఆ దశలో తెరిచి ఉండే ద్వారాలు మరికొన్ని ఉన్నాయి. పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మూడేళ్ల డిప్లొమాలో చేరినవారు, ఆ తర్వాత ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా ప్రవేశించవచ్చు. ట్రిపుల్ ఐటీలుగా అందరికీ తెలిసిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో మొదలైంది. రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువూ నాలుగేళ్ల బీటెక్కూ కలిసిన ఆరేళ్ల కోర్సులోకి అది వేరే ప్రవేశ పరీక్ష లేకుండా పదో తరగతి మార్కుల ఆధారంగానే విద్యార్థులను తీసుకుంటుంది, పైగా ఆశ్రమ వసతి లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వెనుకబాటు అంకంగా నాలుగు శాతం కలుపుతుంది. దాని ప్రాంగణాల్లో ఒకటైన ఇడుపులపాయ కడప జిల్లాలోనే ఉంది. పుంగనూరు మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మొదటి స్థానంలో నిలిచిన పేద విద్యార్థికి ఇంతకంటె సూటి దారి మరొకటి లేదనే చెప్పాలి. అయినా దరఖాస్తు గడువు కొద్ది వారాలే ఉండటం, అదే సమయంలో పీఆర్వోల ఒత్తిడి ఎక్కువగా ఉండటం వల్ల అర్హులైనవారు కూడా దాన్ని దాటిపోతుంటారు.

ఇంటర్మీడియట్‌లో చేరేవారికి గ్రూపు ఎంపిక కీలకం. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల ఎంపీసీ ఇంజనీరింగ్ వైపు, జీవశాస్త్రంతో కూడిన బైపీసీ వైద్య, వ్యవసాయ, పశువైద్య, ఫార్మసీ కోర్సుల వైపు తీసుకెళితే, సీఈసీ, ఎంఈసీ, హెచ్ఈసీ గ్రూపులు వాణిజ్యం, న్యాయశాస్త్రం, సామాజిక శాస్త్రాల వైపు దారి తీస్తాయి. తెలివైనవారు ఎంపీసీ తీసుకోవాలి, మిగిలినవారు మిగతావి తీసుకోవాలి అనే అభిప్రాయం ఇళ్లలోనూ బడుల్లోనూ బలంగా పాతుకుపోయింది. టమాటా మార్కెట్టుకు దేశమంతటా పేరున్న మదనపల్లె చుట్టుపక్కల, మల్బరీ తోటలూ పట్టుపురుగుల షెడ్లూ ఉన్న పల్లెల్లో పెరిగిన పిల్లలకు బీఎస్సీ వ్యవసాయం, ఉద్యాన కోర్సు, పశువైద్యం ఎంత సహజంగా అబ్బుతాయో ఈ అభిప్రాయం గుర్తించదు. తిరుపతిలోని వ్యవసాయ కళాశాల 1961 నాటిది, పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఆ ఊరిలోనే ఉంది. పొలం ఉన్న రైతు కుటుంబాల పిల్లలకు వ్యవసాయ కోర్సుల్లో ప్రత్యేక కోటా ఉన్న సంగతి, ఆ పొలం ఉన్న ఇళ్లకే తెలియకుండా పోవడం విచారకరం.

ఇక సరిహద్దు ప్రాంతపు విద్యార్థులకు అన్నిటికంటె ఎక్కువ నష్టం చేసే విషయం స్థానికత. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, రాష్ట్ర కోటా సీట్లలో 85 శాతం ఆయా విశ్వవిద్యాలయ ప్రాంతాల స్థానిక విద్యార్థులకు, మిగిలిన 15 శాతం అన్ని ప్రాంతాల వారికీ పోటీకి ఉంటాయి. పూర్వపు చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంగాను, కోస్తా జిల్లాల్లో మిగిలినవి ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంగాను లెక్కకు వస్తాయి. విద్యార్థి పుట్టిన ఊరు, తల్లిదండ్రుల సొంత ఇల్లు ఇక్కడ ప్రధానం కావు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికే విద్యార్థి స్థానికుడు అవుతాడు. ఆ నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో గడవకపోయినా, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, వాటిలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారో అదే వారి స్థానిక ప్రాంతం.

ఈ సూత్రాన్ని ఇక్కడి ఊళ్ల పరిస్థితికి అన్వయిస్తే దాని ప్రభావం స్పష్టమవుతుంది. మదనపల్లెలో పదో తరగతి దాకా చదివి ఇంటర్‌కు మాత్రమే విజయవాడ హాస్టలుకు వెళ్లిన విద్యార్థి ఏడేళ్ల లెక్కలో ఐదేళ్లు ఇక్కడే గడిపాడు గనుక శ్రీవేంకటేశ్వర ప్రాంతపు స్థానికుడిగానే ఉంటాడు. అదే విద్యార్థిని ఐఐటీ ఫౌండేషన్ పేరుతో తొమ్మిదో తరగతికే విజయవాడ పంపితే, వరుస నాలుగేళ్లూ అక్కడే పూర్తయి, తిరుపతి కళాశాలల్లో స్థానికేతరుడవుతాడు. కుప్పం నుంచి రైల్లో బెంగళూరు చేరుకోవడం తిరుపతికి చేరడం కంటె సులువు కాబట్టి అక్కడి కుటుంబాలు కొన్ని పిల్లలను కర్ణాటకలో ఇంటర్‌కు సమానమైన పీయూసీకి బెంగళూరులో చేర్పిస్తాయి. అలా చేరిన విద్యార్థికి నాలుగేళ్ల నియమమూ ఏడేళ్ల నియమమూ రెండూ తప్పిపోతాయి, తల్లిదండ్రులు పదేళ్లు రాష్ట్రంలో నివసించారన్న ఆధారంతో 15 శాతం సీట్లకు మాత్రమే పోటీ పడవలసి వస్తుంది. కర్ణాటక ప్రభుత్వ కోటాకు కూడా అక్కడ ఏళ్ల తరబడి చదివి ఉండాలన్న షరతు ఉంది కనుక, రెండేళ్ల పీయూసీతో ఆ హక్కూ దక్కదు. ఇటు హక్కు పోయి, అటు హక్కు రాక, చివరికి ఎక్కువ ఫీజు చెల్లించే సీటులో చేరడం తప్ప గత్యంతరం ఉండదు. రాష్ట్ర విభజన తర్వాత పదేళ్ల పాటు సాగిన ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు 2024 జూన్‌తో ముగిసినందువల్ల, హైదరాబాదులో ఇంటర్ చదివించాలనుకునేవారు కూడా ఈ లెక్కను ముందుగా వేసుకోవాలి.

బయటి రాష్ట్రంలో చదవడమే తప్పని దీని అర్థం కాదు. జేఈఈ మెయిన్ ద్వారా నిండే ఎన్ఐటీలలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కేటాయిస్తారు, అక్కడ సొంత రాష్ట్రమంటే పన్నెండో తరగతి ఉత్తీర్ణులైన రాష్ట్రం. అందుచేత కర్ణాటకలో పీయూసీ చదివిన కుప్పం విద్యార్థికి తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సొంత రాష్ట్ర కోటా పోయినా సురత్కల్ ఎన్ఐటీలో వస్తుంది. ఐఐటీలలో రాష్ట్ర కోటాయే లేదు. ఏది పోతుందో, ఏది వస్తుందో తెలిసి పిల్లను పంపిన కుటుంబం నష్టపోయినట్టు కాదు; తెలియక పంపిన కుటుంబమే కౌన్సెలింగు రోజున నివ్వెరపోతుంది.

ధ్రువపత్రాల విషయమూ ఇటువంటిదే. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు చదివినట్టు ప్రతి బడి నుంచీ స్టడీ సర్టిఫికెట్, పదో తరగతి మార్కుల జాబితా, బదిలీ పత్రం, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అవసరమవుతాయి. 2019 నుంచి పనిచేస్తున్న గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా కుల, ఆదాయ పత్రాలకు దరఖాస్తు చేసుకోవడం సులువైంది గాని, కౌన్సెలింగు నోటిఫికేషన్ వెలువడిన వారంలో అందరూ ఒకేసారి పరుగెత్తితే తహసీల్దారు కార్యాలయంలో జాప్యం తప్పదు. వెనుకబడిన తరగతుల వారికి ఇందులో ఒక చిక్కు ఉంది: రాష్ట్ర సీట్లకు పనికివచ్చే బీసీ ధ్రువపత్రం జేఈఈకి, నీట్ అఖిల భారత కోటాకు చెల్లదు, వాటికి కేంద్ర జాబితాలో ఉన్న కులానికి, సంపన్న శ్రేణి కాదని తెలుపుతూ, కేంద్రం సూచించిన నమూనాలో తీసుకున్న ఓబీసీ పత్రం కావాలి. ఆర్థికంగా బలహీన వర్గాల పత్రం ఆర్థిక సంవత్సరం మారినప్పుడల్లా కొత్తగా తీసుకోవాలి. అన్నిటికంటె చిన్నదిగా కనిపించి ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి జాబితాలో పొడి అక్షరంగా, బ్యాంకు ఖాతాలో అసలు లేకుండా ఉంటే, దరఖాస్తు దశలోనో ఉపకార వేతనం జమయ్యే దశలోనో ఎక్కడో ఒకచోట అది ఆగిపోతుంది. పదో తరగతి పరీక్షకు నామినల్ రోల్స్ పంపే ముందే పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌తో సరిపోల్చుకోవడం పది నిమిషాల పని. తర్వాత మార్పించుకోవడానికి నెలలు పడుతుంది.

పరీక్షల క్యాలెండరు ఇంటర్ రెండో సంవత్సరం మొదట్లోనే గోడకు అంటించుకోదగింది. జనవరి విడత జేఈఈ మెయిన్‌కు దరఖాస్తులు అంతకు ముందటి అక్టోబరు, నవంబరుల ప్రాంతంలోనే స్వీకరిస్తారు, ఏప్రిల్‌లో రెండో విడత ఉంటుంది. మే నెలలో నీట్, అదే నెలలో ఇంజనీరింగ్, వ్యవసాయ కోర్సుల కోసం రాష్ట్రం నిర్వహించే ఈఏపీసెట్ వస్తాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చేయదలచినవారికి 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. 2018లో అనంతపురంలో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయం గాని, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం గాని కోరుకునే చరిత్ర, ఆర్థికశాస్త్ర విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోవాలి. మామూలు డిగ్రీ కళాశాలల ప్రవేశాలు 2020 నుంచి రాష్ట్రమంతటా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి.

ఈఏపీసెట్ ర్యాంకును నిర్ణయించే తీరును కాస్త వివరంగా గమనించాలి. 160 మార్కుల ఆ పరీక్షలో తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ర్యాంకుకు ఆ పరీక్ష మార్కులను 75 శాతంగా, ఇంటర్‌లోని గ్రూపు సబ్జెక్టుల మార్కులను 25 శాతంగా కలుపుతారు. గ్రూపు సబ్జెక్టుల్లో 95 శాతం తెచ్చుకున్నవారికి, 80 శాతం తెచ్చుకున్నవారికి మధ్య ఈ లెక్కలో వచ్చే తేడా 3.75, ఇది ఈఏపీసెట్‌లో ఎనిమిది మార్కులతో సమానం. వేల మంది ఒకే మార్కుల దగ్గర గుమిగూడే పరీక్షలో ఎనిమిది మార్కులు ర్యాంకును ఎంతో ముందుకు తెస్తాయి. పెద్ద కోచింగుకు డబ్బు పెట్టలేని ప్రభుత్వ జూనియర్ కళాశాల విద్యార్థి తన చేతిలో ఉన్న ఇంటర్ పాఠ్యపుస్తకాన్ని శ్రద్ధగా చదివి సంపాదించుకోగల ఆధిక్యం ఇది.

ర్యాంకు వచ్చాక వెబ్ ఐచ్ఛికాలు ఎంచుకునే ఘట్టంలో చాలామంది తడబడతారు. కంప్యూటరు ర్యాంకుల వరుసలో ఒక్కొక్క విద్యార్థి జాబితాను పైనుంచి కిందికి చూసుకుంటూ, ఖాళీ ఉన్న మొదటి ఐచ్ఛికాన్ని కేటాయిస్తుంది. కింద ఉన్నదాన్ని ఇక చూడదు. కాబట్టి వస్తుందో రాదో అన్న అనుమానంతో ఇష్టమైన కళాశాలను కిందికి నెట్టడం వల్ల లాభం ఏమీ ఉండదు, నష్టమే ఉంటుంది. నిజంగా కోరుకున్నదాన్ని పైన, తప్పనిసరైతే చేరదగినదాన్ని కింద పెట్టాలి, జాబితాను కూడా పొడవుగా ఇవ్వాలి. గత ఏడాది ఏ కళాశాలలో, ఏ వర్గానికి, ఏ ర్యాంకు దగ్గర సీట్లు ముగిశాయో ప్రవేశాల వెబ్‌సైటులోనే ప్రకటిస్తారు. కలికిరి, అనంతపురం, తిరుపతి ప్రభుత్వ కళాశాలల ఆఖరి ర్యాంకులు చూసుకున్నవారికి అనవసర భయం పోతుంది. రెండో విడతలో మెరుగైన సీటు వస్తే మొదటిది దానంతట అదే రద్దవుతుంది, అందువల్ల చేతిలో ఉన్నదానికంటె నిజంగా మెరుగైనవి మాత్రమే ఆ విడతలో పెట్టుకోవాలి. నెట్ సెంటరు నిర్వాహకుడికి పాస్‌వర్డు, ఓటీపీ అప్పగించి ఐచ్ఛికాలు ఆయన ఇష్టానికి వదిలేయడం ఈ ప్రాంతంలో కనిపించే ప్రమాదకరమైన అలవాటు. టైపు ఎవరు చేసినా, వరుస మాత్రం విద్యార్థి ఇంట్లో కాగితం మీద రాసుకుని రావలసిందే.

డబ్బు లెక్క కూడా సీటు లెక్కతో ముడిపడి ఉంది. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం యాజమాన్య కోటా. ప్రభుత్వం చెల్లించే బోధన రుసుము, ఏటా రెండున్నర లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు, కన్వీనర్ కోటా ద్వారా చేరినవారికే వర్తిస్తుంది. ఏజెంటు మాట నమ్మి యాజమాన్య సీటులో చేరినవారికి వర్తించదు. ఆ రుసుము కూడా కొన్నిసార్లు ఆలస్యంగా విడుదలవుతుంది, హాస్టలు, పుస్తకాల ఖర్చు దానికి అదనం. తక్కువ ఫీజుండే ప్రభుత్వ కళాశాలలో కొంచెం తక్కువ గిరాకీ ఉన్న బ్రాంచి, ఎక్కువ ఫీజుండే చోట కంప్యూటర్ సైన్సు అనే రెండిట్లో మొదటిదే పేద కుటుంబానికి సరైన ఎంపిక అని తూచి చెప్పవచ్చు. అమ్మాయిల విషయంలో దూరం ఒక కారణంగా చూపే తల్లిదండ్రులు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైన సంగతిని, ప్రవేశాల్లో మూడో వంతు సీట్లు మహిళలకు కేటాయించిన సంగతిని లెక్కలోకి తీసుకోవాలి. పుంగనూరు నుంచి మదనపల్లెకు రోజూ వెళ్లి చదువుకోవడం ఇప్పుడు ఖర్చుకు భయపడవలసిన పని కాదు.

ఇదంతా ఒక కూలి కుటుంబమో టమాటా రైతు కుటుంబమో తనంతట తాను తెలుసుకోవాలని ఆశించడం న్యాయం కాదు. కాలేజీ మొహం చూడని ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఈ సంగతులు చెప్పే బాధ్యత బడిదే కావాలి. ప్రతి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఒక ఉపాధ్యాయుడికి ప్రవేశాల పనిని అప్పగించి, డిసెంబరులోగా పదో తరగతి పిల్లల తల్లిదండ్రులను పిలిపించి స్థానికత, ట్రిపుల్ ఐటీ, పాలిసెట్ విషయాలు చెప్పించాలి. ప్రభుత్వ జూనియర్ కళాశాలలు ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థుల చేత ఓబీసీ, ఆదాయ పత్రాలకు సచివాలయంలో ముందుగానే దరఖాస్తు చేయించాలి. ఏ ఏటి నిబంధన ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవలసిందే గనుక, ఆ ఉపాధ్యాయుడు దాన్ని తెలుగులో వివరించి నోటీసు బోర్డు మీద పెట్టాలి. తల్లిదండ్రులు కూడా పిల్లను వేరే ఊరి హాస్టలుకు పంపేముందు, పీఆర్వోకు అడ్వాన్సు చెల్లించేముందు, పక్కనున్న ప్రభుత్వ బడికి వెళ్లి ఒక్క ప్రశ్న అడగాలి: ఈ నిర్ణయం వల్ల మా పిల్లకు స్థానికత ఉంటుందా, పోతుందా?